ఇంట్లో గ్లిట్టర్ జెల్ వేస్తే మూడో రోజుకే కొస లేస్తోంది – కారణాలు, పొరల లెక్క, తీసే పద్ధతి

మెరుపుగోరు (విజయవాడ)
నమస్తే అందరికీ. 48 వాట్ల ఎల్‌ఈడీ ల్యాంప్, బేస్ కోట్, వైన్ రంగు జెల్, డబ్బాలో విడిగా దొరికే బంగారు గ్లిట్టర్, టాప్ కోట్ ఉన్నాయి. వరస ఇది: స్నానం అయ్యాక గోళ్లు కత్తిరించి, ఫైల్ చేసి, బేస్ 60 సెకన్లు, రంగు ఒకే పొర 60 సెకన్లు, దాని మీద గ్లిట్టర్ చల్లి టాప్ కోట్, మళ్లీ 60 సెకన్లు.
మూడు ఇబ్బందులు వస్తున్నాయి. చూపుడు వేలు, మధ్య వేలి గోళ్ల కొస మూడో రోజుకే లేస్తోంది. బొటనవేలి మీద రంగు ముడతలు పడుతోంది. గ్లిట్టర్ మీద చెయ్యి పెడితే గరుగ్గా ఉండి, తల దువ్వుకుంటే వెంట్రుకలు పట్టుకుంటున్నాయి. వచ్చే నెలలో చెల్లి పెళ్లి. నలుగు దగ్గర్నుంచి అప్పగింతల వరకు ఐదు రోజులు నిలిస్తే చాలు. ఏది మార్చాలి?

నెయిల్‌బల్ల (హైదరాబాద్)
కొస లేవడానికి మీరు రాసిన వరసలోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయండీ.

మొదటిది స్నానం. గోరు నీళ్లు బాగా పీల్చుకుంటుంది. తడిసిన గోరు ఉబ్బి, కాస్త పరుచుకుంటుంది. అప్పుడు జెల్ వేస్తే, గోరు ఆరి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేటప్పుడు పైన గట్టిపడిన పొర దాంతోపాటు వంగదు, ఎక్కడ పట్టు తక్కువుందో అక్కడ ఊడుతుంది. ఆ చోటు దాదాపు ఎప్పుడూ కొసే. స్నానానికి, అంట్లు తోమడానికి, జెల్‌కి మధ్య రెండు గంటలైనా ఉండాలి. వేడినీళ్లలో వేళ్లు నానబెట్టే మామూలు మానిక్యూర్ పద్ధతి జెల్‌కి అసలు పనికిరాదు.

రెండోది, గోటి మొదట్లో అంటుకుని ఉండే పలచని చర్మం. పైకి కనిపించే మడతను కాదు నేను చెప్పేది. గోటి మీదకు పాకి, గాజుకు అంటిన ప్లాస్టిక్ కాగితంలా కనపడకుండా ఉండే పొర గురించి. లైటు కింద గోరు పక్కకు తిప్పి చూస్తే అది ఉన్న మేర మెరుపు తగ్గి మసకగా ఉంటుంది. క్యూటికల్ రిమూవర్ ఒక్క చుక్క వేసి, సీసా మీద చెప్పినంత సేపే ఉంచి, చెక్కపుల్లతో చిన్న గుండ్రాలు తిప్పుతూ తీసేయాలి. తర్వాత సబ్బుతో కడగాలి. ఆ రిమూవర్ క్షారం, గోటి మీద మిగిలితే బేస్ పట్టదు. మడత చర్మాన్ని మాత్రం కత్తిరించకండి. అది గోటి లోపలికి సూక్ష్మజీవులు వెళ్లకుండా కాపలా కాసేది.

మూడోది కొస మూయకపోవడం. బేస్, రంగు, టాప్, ఏ పొర వేసినా చివర్లో బ్రష్ మొనతో గోటి కొస మందం మీద ఒక గీత లాగాలి. గోళ్లు మరీ పొట్టిగా ఉంటే ఆ గీత కింద చర్మానికి తగులుతుంది. అలాంటప్పుడు కొస మూయడం బేస్‌లోనూ టాప్‌లోనూ చాలు.

ఇక గరుకు చేయడం. 180 గ్రిట్ (గరుకు అంకె) ఉన్న బఫర్‌తో, అంటే గోరు నిమిరే గరుకు దిమ్మతో, మెరుపు పోయేంత వరకే, ఒక్కో గోటికి ఐదారు సార్లు నిమిరితే సరి. తెల్లటి పొడి కుప్పగా రాలుతోందంటే ఎక్కువైనట్టే. ఆ తర్వాత నూగు రాని వైప్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి గట్టిగా తుడవాలి. 70 శాతం సీసా అయితే అందులో మిగతాది చాలావరకు నీళ్లే, ఆరడానికి ఎక్కువ సేపు ఆగాలి. దూది వాడకండి. దూది పోగు ఒక్కటి మిగిలినా జెల్ కింద వెంట్రుకలా కనిపిస్తుంది, అక్కడి నుంచే లేస్తుంది. తుడిచాక గోటిని వేలితో తాకకూడదు, జుట్టు సర్దుకోకూడదు. తలకి కొబ్బరి నూనె ఉన్న రోజున ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

చూపుడు వేలు, మధ్య వేలే ముందు లేవడం సహజం. మూతలు తీయడం, చిక్కుళ్లు ఒలవడం, ఫోన్ మీద తట్టడం, అన్నీ ఆ రెండు గోళ్ల మీదే.

కెమిస్ట్రీసార్ (గుంటూరు)
ముడతల సంగతి నేను చెప్తాను. జెల్ ఆరదు, గట్టిపడుతుంది. ల్యాంప్ కాంతి తగలగానే లోపలి ఫోటోఇనీషియేటర్ (కాంతితో పని మొదలుపెట్టే పదార్థం) ముక్కలై, ఆక్రిలేట్ అణువులను గొలుసులుగా కలుపుతుంది. కాంతి పైనుంచి వస్తుంది కాబట్టి పై భాగం ముందు గట్టిపడి కుంచించుకుంటుంది. పొర మందంగా ఉంటే అడుగున ఇంకా ద్రవమే. కాచిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు పైపొర ముడుచుకుంటుంది. నలుపు, ముదురు నీలం, వైన్, చిక్కటి తెలుపు రంగుల్లో పిగ్మెంటే కాంతిని అడ్డుకుంటుంది, అందుకే అవి ముందు ముడతలు పడతాయి.

పరిష్కారం పలచని పొరలు. మొదటి పొర చారలు చారలుగా, కింద గోరు కనిపించేంత పలచగా ఉండాలి. చూడ్డానికి బాగోదు, పరవాలేదు. 60 సెకన్లు. రెండోది అంతే పలచగా, మళ్లీ 60. అవసరమైతే మూడోది. మందంగా ఒక్కటి వేయడం కన్నా పలచగా మూడు వేయడం ఎప్పుడూ నయం.

బొటనవేలికే ముడతలు రావడానికి ఇంకో కారణం ఉంది. అరచెయ్యి బోర్లా పెడితే బొటనవేలి గోరు పక్కకు తిరిగి ఉంటుంది, కాంతి ఏటవాలుగా తగులుతుంది. నాలుగు వేళ్లు ఒకసారి, రెండు బొటనవేళ్లూ పక్కపక్కన నిటారుగా పెట్టి విడిగా ఇంకోసారి క్యూర్ చేయండి, అంటే ల్యాంప్ కింద గట్టిపరచండి. అన్ని వేళ్లూ ల్యాంప్ లోపలి వరకు వెళ్లాలి. గుమ్మం దగ్గర చిటికెన వేలు ఆగిపోతే దాని మీద పడే కాంతి తక్కువ.

డబ్బా మీద 48 వాట్లు అని ఉన్నంత మాత్రాన ఆ కాంతి అంతా గోటికి చేరుతుందని అర్థం కాదు. మీ జెల్‌లోని ఇనీషియేటర్‌కి కావలసిన తరంగదైర్ఘ్యం ల్యాంప్ ఇస్తోందా అన్నది ముఖ్యం. ఇళ్లలో వాడే ఎల్‌ఈడీ ల్యాంపులు ఎక్కువగా 365, 405 నానోమీటర్లు రెండూ ఇస్తాయి. పాత 36 వాట్ల ట్యూబు ల్యాంపులైతే అదే పొరకి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అరచేతిలో పట్టే చిన్న యూఎస్‌బీ ల్యాంపుతో పది వేళ్లకు నమ్మకంగా పని జరగదు, ఒక్క గోటిని తాత్కాలికంగా పట్టి ఉంచడానికి బాగుంటుంది.

చురుక్కుమంటే కూడా మందమే కారణం. గొలుసులు ఒక్కసారిగా కలుస్తుంటే వేడి పుడుతుంది. గరుకు ఎక్కువై గోరు పలచబడిన చోట ఆ వేడి ఇంకా తెలుస్తుంది. ఓర్చుకుంటూ లోపల ఉంచొద్దు. చెయ్యి బయటికి తీసి, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ పెట్టండి. లో హీట్ బటన్ ఉంటే అది నొక్కి మొదలుపెట్టండి.

పొద్దుతిరుగుడు (కర్నూలు)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ల్యాంప్ లేదు. జెల్ పాలిష్ అని ఉన్న సీసా కొన్నాను, ఫ్యాన్ కింద గంట కూర్చున్నా జిగటగానే ఉంది. సీసాలో సరుకు పాడైందా?

నెయిల్‌బల్ల
పాడవలేదమ్మా. అది అసలైన జెల్ అయితే ఫ్యాన్ కింద వారం ఉంచినా అంతే. సీసా చూడండి: గోడలు నల్లగా గానీ, లోపలి రంగు కనపడకుండా గానీ ఉండి, వెనకాల ఎల్‌ఈడీ, యూవీ సెకన్లు రాసి ఉంటే దానికి ల్యాంప్ తప్పనిసరి. గాజు సీసాలో రంగు స్పష్టంగా కనిపిస్తూ ‘జెల్ ఎఫెక్ట్’, ‘జెల్ షైన్’ అని ఉంటే అది మామూలు నెయిల్ పాలిషే, గాలికే ఆరుతుంది. ఇప్పుడు గోళ్ల మీదున్న జిగటను చర్మానికి పూసుకోకుండా ఆల్కహాల్ వైప్‌తో తుడిచేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కిటికీ ఎండలో పెట్టి గట్టిపరచాలని చూడొద్దు, పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

తళుకు (రాజమండ్రి)
గ్లిట్టర్ గరుకు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది నా వాటా.

గ్లిట్టర్ అంటే సన్నటి పాలియెస్టర్ రేకును ఆరు పలకల బిళ్లలుగా కోసింది. 0.2 మిల్లీమీటర్ల సన్న రకం గోటి వంపుకు తగ్గట్టు కూర్చుంటుంది. 1 మిల్లీమీటర్ బిళ్ల బల్లపరుపుగా ఉంటుంది, గోరేమో వంపుగా ఉంటుంది. అందుకని బిళ్ల మధ్యలో ఆనుకుని రెండు అంచులూ పైకి లేస్తాయి. మీ వెంట్రుకలు పట్టుకుంటున్నది ఆ అంచులకే. కాబట్టి పెద్ద బిళ్లలు గోటి నడిమి భాగంలో, సన్నవి పక్కలకి.

మొదట గ్లిట్టర్‌ని పరీక్షించండి. చిటికెడు స్టీలు గరిటెలో వేసి, కాస్త అసిటోన్ పోసి, మూత పెట్టి గంట ఉంచండి. ద్రవానికి రంగు దిగినా, బిళ్లలు వెండిలా తెల్లబడినా అది క్రాఫ్టు పనులకే. జెల్‌లో వేస్తే కొన్నాళ్లకు రంగు కారుతుంది. ప్లాస్టిక్ కప్పులో ఈ పరీక్ష చేయొద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ అసిటోన్‌లో కరిగిపోతుంది.

వేసే తీరు రెండు రకాలు.

సన్న గ్లిట్టర్‌కి: రెండో రంగు పొర క్యూర్ చేశాక పైన మిగిలే జిగురుని తుడవకండి. ఆక్సిజన్ తగిలిన పైపొర పూర్తిగా గట్టిపడదు కాబట్టి అది మిగులుతుంది, గ్లిట్టర్ పట్టేది దానికే. పొడి ఐషాడో బ్రష్‌తో కొద్దిగా తీసుకుని గోటి మీద అద్దండి, రుద్దకండి. తర్వాత మెత్తటి బ్రష్‌తో విదిలించండి.

పెద్ద బిళ్లలకి: పలచగా క్లియర్ జెల్ వేసి, క్యూర్ చేయకుండా, చెక్కపుల్ల మొనను అదే జెల్‌లో ముంచి బిళ్లను ఎత్తి పెట్టండి. పక్కపక్కన పెట్టాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పుల్లతో మెల్లగా నొక్కి క్యూర్ చేయండి.

ముందే కలిపి ఉంచుకోవాలనుకుంటే మూడు వంతుల క్లియర్ జెల్‌కి ఒక వంతు గ్లిట్టర్. ఇంతకన్నా చిక్కగా కలిపితే బిళ్లలు కాంతిని అద్దాల్లా వెనక్కి కొడతాయి, అడుగున జెల్ పచ్చిగా మిగులుతుంది. గ్లిట్టర్ పొర ఏదైనా 60 బదులు 90 సెకన్లు ఉంచడం నాకు సబబుగా తోస్తుంది.

గోటి మొదట్లో 1 మిల్లీమీటర్, పక్కల్లో అర మిల్లీమీటర్ గ్లిట్టర్ లేకుండా వదలాలి. ఆ ఖాళీలోనే పై పొరలు కిందకి దిగి రంగును పట్టుకుంటాయి. గ్లిట్టర్ అంచు వరకు వెళ్తే అక్కడ సందు మిగులుతుంది, నీళ్లు దిగుతాయి.

ఇప్పుడు అసలు పని. టాప్ కోట్ ఒక్కటీ గ్లిట్టర్‌ని మూయలేదు, పలచగా ఉండి బిళ్లల మధ్య గుంటల్లోకి దిగిపోతుంది. మధ్యలో ఒక చిక్కటి క్లియర్ పొర కావాలి. రబ్బర్ బేస్ (సాగే చిక్కటి బేస్) గానీ, అసిటోన్‌లో కరిగే రకం బిల్డర్ (మందంగా వేసే జెల్) గానీ తీసుకోండి. గోటి నడుమ పెసరగింజంత చుక్క పెట్టి, బ్రష్ గోటికి తగలకుండా ఆ చుక్కనే నాలుగు వైపులా లాగండి. చెయ్యి తిరగేసి పది సెకన్లు ఉంచితే జెల్ నడిమికి జారి వంపు తిరుగుతుంది. సరిచేసి 60 సెకన్లు. జిగురు తుడిచి, 180 ఫైల్‌తో ఎత్తుపల్లాలు మాత్రమే సరిచేయండి. ఫైల్ కింద హఠాత్తుగా వెండి చుక్క మెరిసిందా, బిళ్ల రంగు లేచిపోయినట్టే, అక్కడితో ఆపండి. పొడి తుడిచి టాప్ కోట్ వేయండి. గోటి మీద వేలు నడిపితే గాజులా జారాలి.

చిక్కటి పొర ఉంది కాబట్టి ఒకేసారి ఐదు వేళ్లకి వేయొద్దు. రెండు వేళ్లకి వేసి, పది సెకన్లు ల్యాంప్‌లో పెట్టి ఆపి, తర్వాత మిగతా వేళ్లు. లేదంటే మొదటి వేలి మీదిది ఈలోగా చర్మం మీదకి జారుతుంది.

డబ్లిన్‌తెలుగు
అక్కా, చర్మం మీదకి జారితే అనే మాట దగ్గర నేను ఆగాలి. ఈ చర్చలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే అనిపిస్తుంది నాకు. పచ్చి జెల్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది. ముఖ్యంగా చాలా జెల్‌లలో ఉండే హెమా అనే చిన్న అణువు వల్ల. వేళ్ల చివర దురద, చిన్న నీటి పొక్కులు, చర్మం పగలడం, గోరు కింద నుంచి విడిపోవడం. ఆ చేత్తో తాకుతాం కాబట్టి కనురెప్పల మీద కూడా దద్దురు రావచ్చు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్లకి వేసే ఫిల్లింగ్, ఎముకలకి వాడే సిమెంటు కూడా ఇదే కుటుంబం కాబట్టి దాని ప్రభావం గోళ్లతో ఆగదు.

యూరోపియన్ యూనియన్‌లో హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల మీద ‘వృత్తి నిపుణులకు మాత్రమే’ అనీ, అలర్జీ రావచ్చనీ రాయడం తప్పనిసరి. టీపీఓ అనే ఫోటోఇనీషియేటర్‌ని 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ఇండియాలో కొనేవాళ్లు సీసా మీద పదార్థాల పట్టిక చూసుకోండి. పట్టికే లేని సీసా కొనకండి.

చేయాల్సింది ఇది. గోటి చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ వదలండి. జెల్ చర్మం మీదకి వెళ్తే ల్యాంప్‌లో పెట్టకముందే సన్నటి బ్రష్‌ని ఆల్కహాల్‌లో ముంచి గీతలా తుడవండి. క్యూర్ అయ్యాక గీకొచ్చులే అనుకుంటే చర్మానికీ గోటికీ మధ్య వంతెన కట్టినట్టవుతుంది, లేవడం అక్కడే మొదలవుతుంది కూడా. జిగురు పొర తుడిచేటప్పుడు ఒక వైప్‌తో పది గోళ్లూ తుడవకండి, వైప్ మడత మారుస్తూ ఉండండి. పలచని నైట్రైల్ చేతి తొడుగులు ఉన్నాయి కదా అని జెల్‌ని ముట్టుకోవద్దు, ఆక్రిలేట్లు వాటిలోంచి నిమిషాల్లో దాటిపోతాయి. మీద పడితే వెంటనే మార్చండి. దురద మొదలైతే ఆపేసి చర్మ డాక్టర్‌కి చూపించండి, బ్రాండ్ మార్చి మళ్లీ వేయడం కాదు.

ల్యాంప్ యూవీ గురించి భయముంటే వేళ్ల చివర్లు తెరిచి ఉండే గ్లవుజులు వేసుకోండి. సన్‌స్క్రీన్ కూడా రాయొచ్చు గానీ గోటికి అంటితే మొత్తం తయారీ వృథా.

చిట్టిచేతులు (వరంగల్)
మా పాపకి తొమ్మిదేళ్లు, పెళ్లికి తనకీ మెరుపు గోళ్లు కావాలంటోంది. పిల్లలకి జెల్ వేయొచ్చా? బడి తెరిచేలోగా తీసేయాలి.

డబ్లిన్‌తెలుగు
పిల్లలకి జెల్ వద్దండీ, పై కారణమే. మామూలు గ్లిట్టర్ పాలిష్ చాలు. అడుగున పీల్ ఆఫ్ బేస్ వేయండి. అది నీటిలో కరిగే జిగురు లాంటిది, తెల్లగా వేస్తే ఆరాక పారదర్శకం అవుతుంది. పూర్తిగా పారదర్శకం అయ్యాకే రంగు వేయాలి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. పెళ్లయ్యాక గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి చెక్కపుల్లతో పక్క నుంచి ఎత్తితే పొరలా వచ్చేస్తుంది. రెండు మూడు రోజులకన్నా ఉండదు, వాళ్లకి అదే సరి.

తళుకు
మామూలు గ్లిట్టర్ పాలిష్‌ని బ్రష్‌తో గీస్తే బిళ్లలన్నీ ఒక వైపుకి పోతాయి. మేకప్ స్పాంజి ముక్క మీద పాలిష్ వేసి, అది ద్రవాన్ని పీల్చుకున్నాక గోటి మీద అద్దండి. ఒకే అద్దుకి గోరు నిండుతుంది. చుట్టూ చర్మానికి ముందే కాస్త వాజెలిన్ రాస్తే అంటిన బిళ్లలు తుడిస్తే పోతాయి. వాజెలిన్ గోటికి తగలనివ్వకండి.

సాగరతీరం (విశాఖపట్నం)
పెళ్లి అన్నారు కాబట్టి పసుపు గురించి చెప్పాలి. నలుగు, మంగళస్నానాలు, తలంబ్రాలు, ఆపైన ఐదు రోజుల కూరలు, అన్నిట్లోనూ పసుపే. లేత గులాబీ, తెలుపు, పారదర్శకం ఏది వేసినా మామిడిపండు రంగుకి తిరుగుతుంది. మెరుపు లేని మ్యాట్ టాప్‌కి మరక ఇంకా త్వరగా పడుతుంది, దాని పైభాగం గరుకు కదా. సరిగా క్యూర్ కాని టాప్ కూడా అంతే. మీ వైన్ రంగుకి భయం లేదు.

టాప్ కోట్ తుడవనక్కర్లేని రకం తీసుకుని 60కి బదులు 90 సెకన్లు ఉంచండి. ఆ రోజంతా పసుపు ముట్టుకోకండి. మరక పడితే ఆల్కహాల్ వైప్‌తో తుడిచి, చేతులు ఓ గంట ఎండ తగిలే చోట ఉంచండి. పసుపులోని కర్క్యుమిన్ ఎండకి వెలిసిపోతుంది. అసిటోన్‌తో తుడిస్తే మెరుపు పోతుంది.

మా వైపు ఉక్కపోతలో ఇంకో చిక్కు: తుడిచిన గోరు రెండు నిమిషాల్లో మళ్లీ చెమట పడుతుంది. ఏసీ గదిలో కూర్చోండి, లేదా ఒక చెయ్యి పూర్తిచేశాకే రెండో చేతిని ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాన్ నేరుగా తగలకూడదు, గ్లిట్టర్ ఎగిరి అన్నింటి మీదా పడుతుంది.

మెరుపుగోరు
చాలా థ్యాంక్స్ అందరికీ. పీటల మీద కూర్చునేది చెల్లి అయినా గోరింటాకు ఇద్దరం పెట్టుకుంటాం. ముందు గోరింటాకా, ముందు జెల్లా? ఇంకొకటి, గోటి తయారీకి చిన్న పెన్ను లాంటి డ్రిల్ మిషన్ కొనమంటున్నారు, అవసరమా?

నెయిల్‌బల్ల
ముందు గోరింటాకు. పెట్టుకున్న రాత్రి తీసేశాక ఒక రోజు ఆగండి, రంగు ఎటూ ఆ రోజుకే ముదురుతుంది. కోన్లలో నీలగిరి తైలం లాంటివి కలుపుతారు, తీశాక ఆవనూనె రాస్తారు. ఆ జిడ్డంతా గోటి మీదే ఉంటుంది. సబ్బుతో రెండుసార్లు కడిగి, రెండు గంటలు ఆరబెట్టి, అప్పుడు బఫర్. గోటికి పండిన ఎరుపు కొద్దిగా తగ్గుతుంది, మొత్తం పోదు. అది గోరు పెరిగితేనే పోయేది, నెలకి సుమారు 3 మిల్లీమీటర్ల లెక్కన. పండిన గోరు మీద రంగు లేకుండా క్లియర్ జెల్, బంగారు గ్లిట్టర్ కొస వైపు మాత్రమే వేస్తే పెళ్లికూతురికి వైన్ కన్నా అందంగా ఉంటుందని నా అభిప్రాయం. ఎరుపు మీద పసుపు మరకా తెలియదు.

డ్రిల్ వద్దు. సొంత గోటి మీద బిట్ ఒక్క చోట క్షణం ఆగితే చాలు, గోటి మొదట్లో ఎర్రటి చంద్రవంక గాడి పడుతుంది. అది గోరు పలచబడ్డ చోటు. పెరిగి కొస దాటేదాకా నెలలు పడుతుంది.

కడియం (నల్గొండ)
డ్రిల్ విషయంలో నాది కొంచెం వేరే మాట. గోటి తయారీకి వద్దన్నది నిజమే. పాత గ్లిట్టర్ తీసేటప్పుడు పై పొరల మీద వాడితే చేతి నొప్పి, టైము రెండూ మిగులుతాయి. తక్కువ వేగం, బిట్ గోటికి సమాంతరంగా, ఎప్పుడూ కదుపుతూ, రంగు పొర కనిపించగానే ఆపేయాలి. పొడి పీల్చకుండా మాస్కు, కళ్లకి కళ్లద్దాలు ఉండాలి.

నెయిల్‌బల్ల
పై పొరల వరకే అయితే నాకు అభ్యంతరం లేదండీ. కొత్తవాళ్లు రంగు పొర దగ్గర ఆగగలరా అన్నదే నా సందేహం. 100 గ్రిట్ చేతి ఫైల్‌తో పది గోళ్లకి పావుగంట పడుతుంది, అంతే తేడా.

తీయడం గురించి వివరంగా రాస్తాను, గోళ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గ్లిట్టర్ అసిటోన్‌లో కరగదు, దాన్ని పట్టుకున్న జెల్ మెత్తబడితేనే వస్తుంది. అందుకే ముందు టాప్, చిక్కటి క్లియర్ పొర ఫైల్ చేసి గ్లిట్టర్ బయటపడాలి. చర్మానికి కొబ్బరి నూనె గానీ వాజెలిన్ గానీ రాయండి. గోరంత దూది ముక్కని అసిటోన్‌తో తడిపి, గోటి మీద పెట్టి, వేలిని అల్యూమినియం ఫాయిల్‌తో బిగుతుగా చుట్టండి. 12 నుంచి 15 నిమిషాలు. చేతుల మీద వెచ్చని తువ్వాలు కప్పితే పని త్వరగా అవుతుంది. ఫాయిల్ లాగేటప్పుడు గోటిని నొక్కి తిప్పుతూ తీయండి, సగం జెల్ దూదితోనే వస్తుంది. మిగతాది చెక్కపుల్లతో తోస్తే జారాలి. జారలేదా, గీకొద్దు, తాజా అసిటోన్‌తో ఇంకో ఐదు నిమిషాలు చుట్టండి. కొనేటప్పుడు సీసా మీద ‘సోక్ ఆఫ్’ అని ఉందో లేదో చూసుకోండి. లేని హార్డ్ జెల్ ఎంత నానబెట్టినా రాదు, ఫైల్ చేయాల్సిందే.

అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పూజ గదిలో దీపం, వంటింట్లో స్టవ్, అగరొత్తి, ఏదీ దగ్గర ఉండకూడదు. కిటికీలు తెరవండి. అసిటోన్ లేదని రాసి ఉన్న రిమూవర్‌తో జెల్ రాదు.

లేచిన జెల్‌ని పళ్లతోనో, ఇంకో గోటితోనో ఒలిచేస్తే గోటి పైపొరలు దాంతోపాటే వస్తాయి, ఆ తెల్లటి మచ్చలు అవే.

కెమిస్ట్రీసార్
ఒక్క మాట చేరుస్తాను. లేచిన చోట నీళ్లు చేరి గోరు ఆకుపచ్చగా కనిపిస్తే పైన ఇంకో పొర వేసి దాచకండి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తడిలో పెరిగి ఆ రంగు ఇస్తుంది. జెల్ తీసేసి, గోరు పొడిగా ఉంచి, డాక్టర్‌కి చూపించాలి. అలాగే ఆపరేషన్, కాన్పు తేదీలు దగ్గర్లో ఉన్నవాళ్లు ముందే తీయించుకోండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కాంతి గోటిలోంచి వెళ్లాలి, ముదురు రంగు దానికి అడ్డు.

తళుకు
పెళ్లికి డిజైన్లు అడగలేదు గానీ రెండు చెప్పనివ్వండి. పట్టు చీర అంచుకి జోడీగా క్యాట్ ఐ జెల్ బాగుంటుంది. అందులో ఇనుప పొడి ఉంటుంది. రెండో పొర వేయగానే అయస్కాంతాన్ని గోటికి రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఏటవాలుగా పది సెకన్లు పట్టుకుంటే జరీ గీతలా మెరుపు లేస్తుంది. వెంటనే ల్యాంప్‌లో పెట్టాలి, ఆగితే గీత చెదిరిపోతుంది. ఒక్కో వేలికి విడిగా చేయాల్సిందే.

గ్లిట్టర్ కొస నుంచి పలచబడుతూ రావాలంటే, కొస దగ్గర చిక్కగా వేసి, శుభ్రమైన బ్రష్‌ని క్లియర్ జెల్‌లో ముంచి మొదలు వైపుకి తట్టుకుంటూ రండి. క్యూర్ చేసి, కొస వైపు సగం మేర మళ్లీ ఒకసారి. రెండు విడతల్లో వేస్తేనే మెట్టు కనపడదు.

మెరుపుగోరు
పెళ్లి మధ్యలో ఒక గోరు లేస్తే ఏం చేయాలి? అప్పుడు ఫాయిల్ చుట్టుకుని కూర్చునే తీరిక ఉండదు.

సాగరతీరం
లేచిన భాగాన్ని నెయిల్ కట్టర్‌తో కాక 180 ఫైల్‌తో, పట్టు ఉన్న చోటు దాకా అరగదీయండి. కింద సందులో నీళ్లు లేవని చూసుకోండి, ఆల్కహాల్‌తో తుడిచి ఐదు నిమిషాలు ఆరబెట్టండి. బేస్ చుక్క అక్కడ మాత్రమే, 60 సెకన్లు. చిటికెడు గ్లిట్టర్ అద్ది, గోరు మొత్తానికి టాప్ వేసి 90 సెకన్లు. గ్లిట్టర్ కాబట్టి అతుకు కనపడదు. పర్సులో పెట్టుకోవాల్సినవి ఐదు: బేస్, టాప్, ఫైల్ ముక్క, సీలు చేసిన ఆల్కహాల్ వైపులు, చిన్న యూఎస్‌బీ ల్యాంప్. సీసాలు కారులో ఎండలో వదిలేయకండి, చిక్కబడిపోతాయి.